పాత సైకిలుకి సరైన ధర ఎంత? బొబ్బిలి వాడ నుంచి ఒక లెక్క

"మూడున్నర వేలంటన్నాడు తమ్ముడూ. బేగి డబ్బులట్టుకు రమ్మన్నాడు. లేపోతే ఇంకెవులికో ఇచ్చేస్తాడంట."

మా వాడలో నాకు వరసకు అప్ప అయ్యే ఆమె 2025 నవంబరులో ఒక సాయంత్రం వచ్చి అన్న మాటలివి. ఆమె కొడుక్కి బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. షిఫ్టు పని. రాత్రి షిఫ్టు దిగేసరికి బస్సు ఉండదు, ఆటోవాడు ఒక్కడి కోసం కదలడు. ఊళ్లో ఒక ధాన్యం వ్యాపారి ఇంట్లో పాత సైకిలు ఉందని తెలిసి ఈమె అడగడానికి వెళ్లింది. నల్ల సైకిలు, 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, కొని ఆరేళ్లు.

"తొక్కి చూశాడా గుంటడు?" అన్నాను.

"తొక్కనిత్తాడేటి? మమ్మల్ని గేటు బయటే నిలబెట్టీసినాడు. కొన్నాక తొక్కుకోండి అన్నాడు."

చదువుకున్నవాణ్ణని మా వాడలో కాగితం పనులూ లెక్కల పనులూ నా దగ్గరికి వస్తుంటాయి. రేషన్ కార్డు నుంచి కుల ధ్రువీకరణ దాకా చూశాను గానీ, సైకిలు ధర కట్టమని ఎవరూ అడగలేదు. ఆ రాత్రి అప్పతో కూర్చుని వేసిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. సంఘాల్లో తిరిగే మిత్రులు భూమి లెక్క, కూలి లెక్క వేస్తారు. మన ఇళ్లల్లో ఎక్కువసార్లు చేతులు మారే వస్తువు లెక్క మాత్రం ఎవరూ వేయరు.

కొన్న ధర వేరు, ఇవాళ్టి ధర వేరు

అమ్మేవాడి నోట మొదట వచ్చే మాట "నేను ఇంత పెట్టి కొన్నాను" అని. ఆ మాటను పక్కన పెట్టాలి. అతను ఎంత పెట్టాడన్నది అతని సంగతి. అదే రకం సైకిలు ఇవాళ షాపులో కొత్తది ఎంతకొస్తుందన్నదే మన లెక్కకు మొదలు. బొబ్బిలిలో రెండు షాపులు తిరిగి అడిగితే అరగంటలో తేలిపోతుంది.

2025లో దీనికి ఇంకో కారణం కూడా తోడైంది. ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అసలు ధర 5,000 ఉన్న సైకిలు పన్నుతో కలిపి అంతకుముందు 5,600 పడేది, ఇప్పుడు 5,250 పడుతుంది. కొత్తదాని ధర 350 తగ్గినప్పుడు పాతదాని ధర కూడా ఆ మేరకు దిగాలి. పన్ను తగ్గిన సంగతి వ్యాపారికి బాగా తెలుసు. వాడలో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నేను వాడే ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో షాపువాడు చెప్పిన అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి, పద్ధతి మారదు.

కొత్తది 5,250. ఎండకీ వానకీ తిరుగుతూ, అప్పుడప్పుడూ రిపేరు చేయించుకుంటూ ఉంటే ఇలాంటి బండి 12 ఏళ్లు నడుస్తుందనుకుందాం. ఆరేళ్లు అయిపోయాయి, ఆరేళ్లు మిగిలాయి. అంటే సగం: 2,625. ఇది ఆరేళ్ల వయసున్న, ఓ మోస్తరుగా అరిగిన సైకిలు ధర.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. సగం ధర కట్టేశాక, "టైరు పోయింది 450 తీసెయ్, చైను పోయింది 500 తీసెయ్" అని మొత్తం రిపేరు ఖర్చు కూడా కోసేస్తారు. అది అమ్మేవాడికి అన్యాయం. వయసును బట్టి సగం తగ్గించినప్పుడే మామూలు అరుగుదల అందులో కలిసిపోయింది. ఒకే అరుగుదలకి రెండుసార్లు కోత పెట్టకూడదు. సగం అరిగిన టైరుంటే ఏమీ తీయనక్కర్లేదు. పూర్తిగా బోడి అయితే కొత్త టైరు ధరలో సగం తీయాలి. కొత్తగా వేయించి ఉంటే సగం కలపాలి. చైనుకీ సీటుకీ అదే సూత్రం. రేపు మన వాడలోవాళ్లే సైకిలు అమ్ముకోవాల్సి వస్తుంది. మనం కొనేటప్పుడు ఒక లెక్క, అమ్మేటప్పుడు ఒక లెక్క పెట్టుకుంటే అది లెక్క కాదు, బేరం.

గేటు లోపలికి వెళ్తే చూడాల్సినవి

మర్నాడు నేనూ, మాకు తెలిసిన ఒక సైకిలు మేస్త్రీ కలిసి వెళ్లాం. మేస్త్రి ఊళ్లోవాడు, వ్యాపారికి పాత పరిచయం. బండి బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని తలకిందులుగా నిలబెట్టి చూసిన వరస ఇది.

ముందు ఫ్రేము. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట, సీటు కింద, పెడళ్ల ఇరుసు ఉండే చోట వేలితో తడిమాడు. రంగు పగిలి సన్నటి గీత కనబడితే అది చీలిక కావచ్చు. ఒకచోట మాత్రమే కొత్త రంగు ఉంటే దాని కింద వెల్డింగు ఉందేమోనని అనుమానించాలి. ఫ్రేము విరిగి అతికించిన బండికి పైన చెప్పిన లెక్కేదీ వర్తించదు. అది పాత ఇనుము కిందకే వస్తుంది. ఇలాంటి నల్ల సైకిలు ఇంచుమించు 20 కిలోలు తూగుతుంది. పాత సామాన్లవాడు కిలోకి 25 ఇస్తాడనుకుంటే 500. నడిచే ఏ సైకిలుకీ అంతకంటే తక్కువ ధర ఉండదు.

తర్వాత చక్రాలు. తిప్పి వదిలి, బ్రేకు కట్టకీ రిమ్ముకీ మధ్య సందును చూడాలి. సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే వంకర ఉన్నట్టు. కొద్దిపాటి వంకరైతే పుల్లలు బిగించి తీసేస్తారు. రిమ్ము తుప్పుతో పొరలు లేస్తుంటే మాత్రం మార్చాల్సిందే. కూరగాయల గంపలు కట్టి తిరిగిన సైకిలైతే వెనక చక్రాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన రెల్లి వీధుల్లో సైకిళ్లకి ముందు చచ్చేది వెనక పుల్లలే.

పెడలు కొయ్యను పట్టుకుని అడ్డంగా కదిపితే లోపల ఇరుసు ఊగుతుందో లేదో తెలుస్తుంది. టక్కుటక్కుమంటే కాటర్ పిన్ను అరిగింది, అది చిన్న ఖర్చు. ఇరుసే ఊగుతుంటే గోళీలూ కప్పులూ పోయినట్టు.

ఇక చైను. దీనికి బడిపిల్లల స్కేలు చాలు. చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం ఉంటుంది. ఒక పిన్ను దగ్గర స్కేలు సున్నా పెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీదకి రావాలి. గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పోతే చైనుతో పాటు ఫ్రీవీలు పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. ఈ బండిలో ఎనిమిదో వంతు దాటింది. వ్యాపారి మొహం చూశాను. అతనికి ఈ సంగతి తెలియక కాదు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లో సరిగ్గా ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశాడు, ఆ పనికే 2001లో నోబెల్ పంచుకున్నాడు. పాత కార్ల బజారులో అమ్మేవాడికి బండి లోగుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కనక కొనేవాడు దేనికైనా సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండి ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. చివరికి బజారులో చెత్తే మిగులుతుంది. ఆకర్లాఫ్ లెక్కలో కొనేవాళ్లంతా ఒకటే. మన ఊళ్లల్లో ఒకటి కాదు. ఒకరికి బండి తిప్పి చూసుకునే హక్కు ఉంది, ఇంకొకరు గేటు బయట నిలబడాలి. కులం ధరలోకి వచ్చే దారి ముందు ఇదే. అంకె చెప్పకముందే, చూడనివ్వకపోవడంలో, తొక్కనివ్వకపోవడంలో, ఆలోచించుకోవడానికి రెండు రోజుల గడువు ఇవ్వకపోవడంలో వచ్చేస్తుంది.

మేస్త్రి చూసినదాన్ని బట్టి అప్ప సైకిలు లెక్క ఇలా తేలింది. సగం ధర 2,625. వెనక టైరు బోడి, కొత్త టైరూ ట్యూబూ 450 కాబట్టి 225 తగ్గించాం. చైనూ ఫ్రీవీలూ కొత్తవి 500, అందులో 250 తగ్గించాం. ఓవరాయిలింగ్ చేయించి చాలా కాలమైంది, కూలి 300లో 150 తగ్గించాం. సీటు పోయిన నెలే 200 పెట్టి వేయించాడట, 100 కలిపాం. క్యారియరూ తాళమూ కొత్త సైకిలు ధరలో రావు, విడిగా కొనాలి. అవి 400, సగం 200 కలిపాం. మొత్తం 2,300.

వంద అటూ ఇటూ కావచ్చు. ఆ సంవత్సరం ఉపాధి హామీలో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. 2,300 అంటే ఏడున్నర రోజుల కూలి, 3,500 అంటే పదకొండు రోజులు దాటిన కూలి. మన ఇళ్లల్లో ధరను రూపాయల్లో కంటే రోజుల్లో చెబితేనే బుర్రకెక్కుతుంది.

కొన్న వెంటనే రిపేరుకి 1,250 కావాలి, ఆ డబ్బు విడిగా ఉంచుకోవాలి. 2,300కి కొంటే అంతా కలిపి 3,550. అతను అడిగిన 3,500కి కొంటే 4,750. కొత్తది క్యారియరు, తాళంతో 5,650. అంటే కేవలం 900 తేడాకి ఆరేళ్ల పాత బండి తెచ్చుకున్నట్టు.

అవసరం ధర

"నాకు అవసరం కదా తమ్ముడూ, ఎక్కువైనా తప్పదు" అంది అప్ప. ఈ మాటను కూడా లెక్కలో విడిగా చూడాలి. మన అవసరం బండి విలువను పెంచదు. అవతలివాడు మన దగ్గర ఎంత గుంజగలడన్న దాన్ని మాత్రం పెంచుతుంది. జూట్ మిల్లు లాకౌట్ అయిన నెలలో కార్మికుడు సైకిలు అమ్ముకుంటే దలారీ ఇచ్చే ఏడెనిమిది వందలు కూడా ఇలాంటివే. ఆ రోజు ఇంట్లో బియ్యం లేవన్నదే ఆ ధరలో ఉంది, బండి లేదు.

అవసరాన్ని కూడా నిజాయితీగా కొలవాలి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు వేళలకి వెళ్లి వచ్చే అమ్మాయికి సైకిలు మీద మిగిలే చార్జీ ఇప్పుడు లేదు. బస్సు రాని ఊరికీ, రాత్రి షిఫ్టుకీ, మగపిల్లాడికీ ఉంది. ఇది ఒక్కో ఇంటికి ఒక్కోలా తేలుతుంది.

అసలు దెబ్బ వాయిదాల దగ్గర తగులుతుంది. వ్యాపారి ఇంకో మాట కూడా అన్నాడు. "2,500 చేసుకో. ఇప్పుడు 500 ఇయ్యి, వారానికి 200 చొప్పున 12 వారాలు కట్టు." వినడానికి దయగా ఉంది. 12 వారాలకి 2,400 కడతాం, అప్పు 2,000. వడ్డీ 400. కానీ 2,000 మన చేతిలో 12 వారాలూ ఉండదు, వారం వారం తరుగుతుంది. సగటున మన దగ్గర ఉండేది 1,083. ఆ సొమ్ము మీద మూడు నెలలు కూడా నిండకుండా 400 అంటే, నూటికి నెలకి 13 రూపాయల పైన వడ్డీ. పొదుపు సంఘంలో నూటికి ఒకటో రెండో వడ్డీకి అప్పు తెచ్చి రొక్కంగా కొనడం ఎంత నయమో చెప్పాక అప్ప కాసేపు మాట్లాడలేదు.

ఒకే బండి, రెండు ధరలు

ఇది మేం ముందు అనుకుని చేసింది కాదు. నాతో డిగ్రీ చదివిన మిత్రుడు ఒకడు, వ్యాపారి కులంవాడే, అదే వారంలో అదే సైకిలు ధర అడిగాడు. అతనికి 2,600 చెప్పాడు, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు, ఒక రౌండు తొక్కి రమ్మన్నాడు.

1901లో అంబేడ్కర్ చిన్నపిల్లవాడిగా ఇంట్లోని ఇతర పిల్లలతో కలిసి సతారా నుంచి తండ్రి పనిచేసే కోరెగావ్‌కి బయల్దేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగాక ఎడ్లబండి కట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగ ఇస్తే, బండి ఆ పిల్లలే తోలుకునేలా, బండివాడు పక్కన నడిచి వచ్చేలా ఒప్పందం కుదిరింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్న సంగతి ఇది. బాడుగ రెట్టింపు, తోలే పని కూడా తమదే. డబ్బు ఎక్కువ తీసుకుని సేవ తక్కువ చేయడం అనే ఈ పద్ధతిని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి, ఇవాళ కూడా అద్దె ఇంటి దగ్గరా అప్పు దగ్గరా అదే ఎదురవుతుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, మామూలు వ్యాపారంలో ఇతరులకి అమ్మే షరతుల మీదే అమ్మడానికి అంటరానితనం కారణంగా నిరాకరించడం నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆర్థిక బహిష్కరణకి ఇచ్చిన నిర్వచనంలో, మామూలుగా జరిగే వ్యాపార షరతుల మీద వ్యవహరించడానికి నిరాకరించడం కూడా ఉంది. అదే సవరణ దళితులు బహిరంగ స్థలాల్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కి వెళ్లడాన్ని అడ్డుకోవడాన్ని పేరుపెట్టి మరీ నేరం చేసింది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా. సైకిలు అనే మాట ఆ చట్టంలోకి ఊరికే రాలేదు. ఊరి వీధిలో దిగి నడిపించుకుని వెళ్లి, దాటాక ఎక్కిన తరం మన వాడల్లో ఇంకా బతికే ఉంది.

అయితే తొందరపడి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని కార్యకర్తలకి చెబుతాను. ఒకరికి 3,500, ఒకరికి 2,600 చెప్పినంత మాత్రాన కేసు నిలబడదు. "నేను మొదట ఎక్కువే చెబుతాను, అతను బేరమాడాడు" అంటే అయిపోయింది. ఒకే వస్తువుకి, ఒకే రోజు, ఒకేలా అడిగిన ఇద్దరికి చెప్పిన ధర, సాక్షులు, తేదీ, అన్న మాటలు రాసి ఉంచాలి. పరిశోధకులూ ఇలాగే చేస్తారు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ ఒకేలాంటి దరఖాస్తులని వేరువేరు కులాల పేర్లతో ప్రైవేటు కంపెనీలకి పంపి, దళిత పేరున్నవాటికి పిలుపు తక్కువ వస్తుందని 2007లో చూపించారు. సైకిలు బేరానికి కూడా ఆ పద్ధతి పనికొస్తుంది. ఫిర్యాదు దాకా వెళ్లాల్సి వస్తే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566.

కాగితం లేకపోతే

ధర కుదిరాక మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. సైకిలుకి ఆర్సీ ఉండదు. పాత సైకిలు చేతులు మారినట్టు రుజువు ఏమీ ఉండదు. ఊళ్లో ఏదైనా పోతే ముందు అనుమానం ఏ వీధి మీదకి వస్తుందో నేను చెప్పనక్కర్లేదు. దొంగ సొత్తని తెలిసీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. తెలియక కొన్నా, అమ్మినవాడికే హక్కు లేనప్పుడు మనకి హక్కు రాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెప్పేది అదే. బండి పోతుంది, డబ్బు పోతుంది, పైగా స్టేషన్‌లో కూర్చోవాలి.

తెల్లకాగితం చాలు. అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, తేదీ, సైకిలు కంపెనీ, రంగు, ఫ్రేము నంబరు, ఇచ్చిన సొమ్ము, ఇద్దరి సంతకాలు, ఒక సాక్షి సంతకం. ఫ్రేము నంబరు సీటు గొట్టం దగ్గరో, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం కిందో కొట్టి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే కనబడుతుంది. ఆ నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా కొనొద్దు. కాగితం రాసివ్వడానికి ఒప్పుకోనివాడి దగ్గరా అంతే.

వ్యాపారి 2,300కి దిగలేదు. చివరి మాట 2,900 అన్నాడు, కాగితం రాయడం తనకి నామోషీ అన్నాడు. మేం వచ్చేశాం. పది రోజుల తర్వాత ఆ మేస్త్రి దగ్గరికే ఇంకో బండి వచ్చింది, ఏడేళ్లది, ఫ్రేము శుభ్రంగా ఉంది, రెండు టైర్లూ కొత్తవి. లెక్క వేస్తే 2,250 తేలింది. అమ్మేది రిటైరైన ఒక అటెండరు. అతను 2,400 అడిగాడు, అప్ప 2,300 ఇచ్చింది. గుంటడు ముందు కోటగుమ్మం దాకా తొక్కి వచ్చాడు, బ్రేకులు చూశాడు, తర్వాతే డబ్బులు చేతులు మారాయి. కాగితం మీద సాక్షి సంతకం మేస్త్రిది. దాన్ని పాలకవర్‌లో చుట్టి సీటు కింద స్ప్రింగుల మధ్య దోపింది అప్ప. "రాత్రిపూట ఎవులైనా ఆపితే తీసి సూపించు" అంది.